తలకాయ గూడ చక్కెర తింటదట

హాలియా
14 నవంబర్ 2023

బిక్షమ్మ వదినెకు గ్రేస్ వందనాలు.

ఫోన్ ఉండంగ గీ ఉత్తరమేంది అనుకుంటున్నవేమో. మీ ఊర్ల సిగ్నల్ దొరకాలంటే నువ్వు గుట్టెక్కాలె. ఈడ మావి రెండే అర్రలు. నేను జర మెల్లగ మాట్లాడితె చాలు, మీ తమ్ముడు టీవీ బందు చేసి మరీ ఇంటడు. అందుకే బడిల పిల్లలకు అన్నం పెట్టి, గిన్నెలు తోమి, వంటర్ర గడప మీద కూసొని రాస్తున్న. ఇయ్యాల బాలల దినమని సార్లు ఉపన్యాసాలు చెప్తున్నరు. పోరగాండ్లు ఎండల కూసొని ఎప్పుడైపోతదా అని చూస్తున్నరు. నాకు జర టైం దొరికింది.

మీ తమ్ముని గురించే రాసేది. ఆయనకు షుగర్ వచ్చి పదహారేండ్లాయె, నీకు ఎరుకే. గోలీలు ఏసుకుంటడు, పగలు బస్సు నడిపే డ్యూటీల తింటే తింటడు లేకుంటె లేదు. అది పాత కథనే. కొత్తది రెండు నెలల సంది మొదలైంది. మొన్న బస్సు దిగి ఇంటికొస్తనని మన గల్లీ దాటిపోయి, మేము ఐదేండ్ల కింద కిరాయికున్న ఇంట్లకు పోయి, చెప్పులిడిసి మంచం మీద కూసున్నడట. ఆ ఇంటామె మంచిది, నీళ్లిచ్చి నాకు కబురు చేసింది. నేను పోతె, "పాతోళ్లను ఓసారి చూసిపోదామని వచ్చిన" అని నవ్విండు. ఆమె నా మొఖం చూసింది, నేను ఆమె మొఖం చూసిన. ఇంకోసారి మా బిడ్డ కోమలను, నిన్ను పిలిచినట్టు "అక్కా" అని పిలిచిండు. ఒక్కసారి కాదు, ఆ దినమంత.

కోమల హైదరాబాద్‌ల నర్సు చేసే దవాఖానల శ్రీవాణి అని ఒక డాక్టరమ్మ ఉన్నది. మతిమరుపు జబ్బుకు, షుగర్‌కు ఏం సంబంధమున్నదో తెల్సుకోనీకి షుగరోళ్ల తలకాయలు ఫోటోలు తీస్తున్నదట. పదేండ్ల పైన షుగరున్నోళ్లు కావాలంటే కోమల బాపు పేరు రాయించింది. "తియ్యమను, నా తలకాయల ఏం లేదని మీ అమ్మకు నమ్మకమైతది" అని ఈయన పోయిండు.

సొరంగం లెక్కున్న మిషన్ల అరగంట కదలకుండ పండుకోవాలె. లోపట ఒకటే చప్పుడట. బయటికొచ్చి, "బేరింగ్ పోయిన ఇంజన్ గిట్లనే మొత్తుకుంటది, జర చూయించుకోండ్రి" అని అక్కడ పనిచేసే పిల్లలను నవ్విచ్చిండు. ఇంకో దినం ఎలుగిచ్చే చక్కెర మందును సూదిల ఎక్కించి మళ్ల ఫోటో తీసిండ్రు. తలకాయ గూడ చక్కెర తింటదట వదినె! ఏ జాగ ఎంత తింటదో ఫోటోల ఎలుగు పడ్తదట, తినని జాగ మసకగుంటదట. మొదటిసారి పోయినప్పుడు నెత్తుర్ల షుగర్ ఎక్కువున్నదని వాపస్ పంపిండ్రు, రెండోసారికి అయింది. ఫలితం ఇంకా చెప్పలే. చెప్పేదాక నా కాళ్లు ఒక్క జాగల నిలవడ్తలేవు.

ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. నేను ఈ ఇంట్లకు కోడలుగొచ్చే ముందే మీ అమ్మ పోయింది. ఆమె చివరికి ఎట్లయి పోయిందో మీ ఇద్దరిల ఎవ్వరూ చెప్పరు. డాక్టరమ్మ అడిగితె మీ తమ్ముడు "పెద్దతనం" అన్నడు. లెక్కేస్తే ఆమెకు అప్పటికి యాభై ఐదు గూడ దాటలే.

జవాబు బడి అడ్రసుకే రాయి. ఇంటికి రాయకు.

నీ మరదలు
గ్రేస్

*

అచ్చంపేట మండలం
27 నవంబర్ 2023

మరదలు గ్రేస్‌కు, బిక్షమ్మ రాసేది.

నీ ఉత్తరం అందింది. ఈడ ఓట్ల గడబిడ. మా అంగన్‌వాడీని ఓట్ల కేంద్రం చేస్తమని పిల్లల బొమ్మలన్నీ మూటగట్టించిండ్రు. బరువు తూచే కాంట ఏ మూటల పెట్టిన్నో ఇప్పుడు నాకే దొర్కుత లేదు. గట్లని నాది గూడ మతిమరుపేనా? నా తలకాయ గూడ ఫోటో తీస్తరా?

తమ్ముడు పాత ఇంట్లకు పోతె ఏమైంది? ముప్పై ఏండ్లు బండ్లు నడిపిన కాళ్లు. అలిసిపోయిన మనిషి ఆదమరిచి పోతడు. నువ్వు రెండు పూటల తెల్లన్నం పెట్టుడు బందు చేసి జొన్నరొట్టె చెయ్యి. మెంతులు నానబెట్టియ్యి. నాకు ఎనిమిదేండ్ల సంది షుగరున్నది, నేను అడివిల చెంచోళ్ల గూడేలకు, గా పెంటలల్లకు నడిచిపోయి గుడ్లు పంచి వస్తున్న. ఏమైంది నాకు?

కోమల చదువుకున్న పిల్ల, కాదన. కని సొంత బాపును తీస్కపోయి ఎవలో చదువుకునేటందుకు పండుకోబెడతదా? ఆ ఫోటోలు రేపు డిపోల పడితె? డ్రైవర్‌కు ఒంట్ల బాగలేదంటే సెలవిస్తరు. తలకాయల బాగలేదంటే ఎవడూ మళ్ల స్టీరింగ్ ముట్టనియ్యడు. గది ఆలోచించిండ్రా మీరు తల్లీబిడ్డలు?

అమ్మ సంగతి అడిగినవు. పోయినోళ్లను తవ్వుడెందుకు. పెద్దతనమే.

మీ తమ్ముడు, మీ తమ్ముడు అని రాసినవు. నీకు మొగడు గాదా? పైలం చూసుకో.

బిక్షమ్మ

*

హాలియా
19 డిసెంబర్ 2023

వదినెకు వందనాలు.

నువ్వు కోపం చేసినా సరే నాకు రాయక తప్పదు. ఇంకెవలకు చెప్పుకోవాలె.

ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక పది దినాలాయె. మీ దిక్కు ఎట్లున్నదో గని, ఈడ బస్సు కనవడ్తె చాలు. మునుపు యాభై మంది ఎక్కే బస్సుల ఇప్పుడు తొంభై మంది. ఆధార్ కార్డులు చేతుల పట్టుకొని, సంకల పిల్లలను ఏసుకొని, దవాఖానలకు, చుట్టాలిండ్లకు, ఊకెనే చూసొద్దామని గూడ. నాకు సంబురమే. కని అండ్ల ముందర కూసున్నది ఎవలు? నా మొగడు.

మొన్న శ్రీవాణి డాక్టర్ మమ్ములను పిలిచింది. చిన్న పిల్లనే, ముప్పై ఐదుంటయేమో. ఆమె చెప్పింది నాకు మాట మాటకు యాదున్నది.

"అమ్మా, మేం వందల మందిని చూసి షుగర్ ఉన్నవాళ్లకు, లేనివాళ్లకు తేడా ఏంటో వెతుకుతున్నాం. రెండూ ఎక్కడ కలుస్తున్నాయో ఇంకా మాకే పూర్తిగా తెలియదు. ఒక్క ఫోటో చూసి ఈయనకు ఫలానా జబ్బు ఉందని చెప్పలేను. కానీ జ్ఞాపకం పెట్టుకునే భాగం చిటికెన వేలంత ఉంటుంది, చెవుల లోపలి వైపు. ఈ వయసు వాళ్లకు ఉండాల్సిన దానికన్నా ఈయనకు సన్నగా ఉంది. చక్కెర కూడా అక్కడ తక్కువగా తీసుకుంటోంది. వేరే పరీక్షలు చేయించాలి. అప్పటిదాకా బస్సు నడపకపోతే మంచిది."

మీ తమ్ముడు లేచి నిలవడ్డడు. "బిడ్డా, లారీ, బస్సు కలిపి ముప్పై ఏండ్లాయె. ఒక్క కోడిపిల్లను గూడ గుద్దలే నేను" అని బయటికి పోయిండు. ఆ దినమే నాతోని బైబిల్ మీద చెయ్యి పెట్టించిండు, డిపోల చెప్పనని.

చెప్పనన్న. తెల్లారి కండక్టర్ ఐలేశం బడి కాడికి వచ్చిండు. ఆయన మీ తమ్మునితోని ఎనిమిదేండ్ల సంది ఒకే బండి మీద చేస్తున్నడు. "వదినె, అన్న ఒంట్ల బాగున్నదా?" అన్నడు. చౌరస్తల బస్సు ఆపి రెండు నిమిషాలు స్టీరింగ్ పట్టుకొని అట్లనే కూసున్నడట. ఎక్కేటోళ్ల కోసం ఆపిండని అందరు అనుకున్నరట. ఐలేశం ముందరికి పోయి "అన్నా, సీదా" అంటే అప్పుడు కదిలిచ్చిండట. అప్పటి సంది ఐలేశం టికెట్లు కొట్టుకుంటనే ముందర నిలవడి, పరాచకం లెక్క "అన్నా, ఎడమ దిక్కు మన అత్తగారూరు" అని దారి చెప్తున్నడట.

ఐలేశం సెలవు పెట్టిన దినం ఏమైతది వదినె?

నువ్వు చెప్తే ఆయన ఇంటడు. చిన్నప్పటి సంది నువ్వే సాదినవంట. ఒక్కసారి చెప్పు. లేకుంటె నేనే డిపోకు పోవాల్నా? బైబిల్ మీద పెట్టిన చెయ్యి ఇది. అన్నం కలుపుతుంటె గూడ దాన్నే చూసుకుంటున్న.

గ్రేస్

*

అచ్చంపేట మండలం
3 జనవరి 2024

గ్రేస్‌కు.

డిపోకు పోకు. గది ముందు చెప్తున్న.

ఇంకొక రెండేండ్లల రిటైరైతడు. దండలేసి సాగనంపుతరు, కుర్చీల కూసోబెడతరు. ఆ మర్యాద ఆయన సంపాయించుకున్నది. కైకిలికి, కూలికి పోయిన తల్లి కొడుకు ఖాకీ చొక్కా ఏసుకొని సర్కార్ బస్సు నడిపిండని మా పుట్టినూరు కట్టంగూర్‌ల మా వాడంత చెప్పుకున్నది. ఆ మనిషిని పిచ్చోడని పేరు పెట్టి ఇంట్ల కూసోబెడతవా?

డాక్టర్ ఏమన్నదో నువ్వే రాసినవు గదా, ఒక్క ఫోటో చూసి చెప్పలేనని. చెప్పలేనోళ్లు మళ్ల బస్సు ఎందుకు ఆపుమంటరు? ఐలేశం ఉన్నడు, చూసుకుంటడు. సెలవు పెట్టొద్దని చెప్పు.

ఇంకో మాట. నువ్వు కడుపుల పెట్టుకున్నదేందో నాకు తెల్వదు. రేపు ఆయన మంచంల పడితె చేసుడు తిప్పలైతదని ఇప్పటి సందే బెదురుతున్నవేమో. గట్లయితె నాకు చెప్పు, నేను తీస్కొచ్చుకుంట. నా తమ్ముడు నాకు బరువు గాడు.

అమ్మ సంగతి మళ్ల అడుగకు.

బిక్షమ్మ

*

హాలియా
24 జనవరి 2024

వదినె,

నువ్వు డిపోల చెప్పొద్దన్నవు. నేను చెప్పలే. మరి నువ్వేం చేసినవు?

పదిహేడో తారీఖు నాడు ఐలేశం వేరే బండి మీద ఉన్నోడు, దేవుని దయ, ఆఖరి నిమిషంల ఈ బండికే వచ్చిండు. మీ తమ్ముడు రోడ్డు ఇడిసిపెట్టి బస్సును కాల్వకట్ట మీదికి ఎక్కిచ్చిండు. పదిహేనేండ్ల కింద బ్రిడ్జి కట్టేటప్పుడు బస్సులు అటు నుంచి పోయేటియట. ఇప్పుడది ట్రాక్టర్ గూడ తిరగలేని బాట. లోపట ఎనభై నాలుగు మంది. ఈయేడు నీళ్లు ఇడువలే, కాల్వ ఎండిపోయున్నది, గంత లోతున రాళ్లు కనవడ్తున్నయట. ఐలేశం ఒర్లి ఒర్లి ఆపిచ్చిండు. అందరిని దించి, ఈయనను పక్కకు కూసోబెట్టి, బస్సును రోడ్డు దాక ఎనుకకు తీసిండ్రు. ఎవ్వరికి ఏం కాలే. ముందర రోడ్డు పని ఉండెనని ఐలేశం రిపోర్టు రాసిచ్చిండు.

గది గడిచిపోయిందనుకున్న. పందొమ్మిది నాడు ఈయనను డ్యూటీ దింపిండ్రు. ఎందుకంటె "డిపోకు ఉత్తరమొచ్చింది" అన్నడు. ఎవలు రాసిండ్రంటే గోడ దిక్కు చూసిండు. అంతకుముందు దినాలల్లనే డిపోల ఆయనకు అచ్చంపేట ముద్ర ఉన్న కవరు వచ్చిందని ఐలేశం చెప్పిండు. చించి జేబుల పెట్టుకున్నడట.

చెప్పుకోనీకి ఎవ్వరు లేక నీకు చెప్పుకున్న. నువ్వు నా మీద కోపానికి సొంత తమ్ముని మీద మేనేజర్‌కు రాస్తవా? నాకు ఒద్దని చెప్పి?

పొద్దుగాల లేసి స్నానం చేసి ఖాకీ ఏసుకొని బస్టాండ్ల పోయి కూసుంటున్నడు. మాపటికి ఇంటికొస్తడు. నాతోని మాట్లాడ్తలేడు.

గ్రేస్

*

అచ్చంపేట మండలం
5 ఫిబ్రవరి 2024

గ్రేస్‌కు, బిక్షమ్మ రాసేది. చించకుండ చివరిదాక చదువు.

నాలుగు దినాలు పెన్ను పట్టలే. పిల్లలకు పాలు కలిపిన, ఒలకబోసిన. డిపో మేనేజర్ ఎవలో, ఆయన పేరేందో నాకు తెల్వదు. నేను రాసింది నా తమ్మునికి. ఇంటికి రాస్తె నీ చేతుల పడ్తదని డిపో అడ్రసు ఏసిన. నా తప్పు గంతే. నీకు చెప్పకుండ రాసిన, గది గూడ తప్పే.

నీకు ఆ కోపం ఉత్తరం పోస్టు చేసిన మరునాడు మీటింగ్ ఉండెనని అచ్చంపేటకు పోయిన. బస్సు కిక్కిరిసి ఉన్నది. నేను ముందర రాడ్ పట్టుకొని నిలవడ్డ. ఒక బాలింత, ఇరవై దినాల పిల్లను ఒళ్లె పెట్టుకొని, డ్రైవర్ పక్కన ఇంజన్ మూత మీద కూసున్నది. నా కండ్లు డ్రైవర్ మెడ మీదికెల్లి కదలకపాయె. మూలమలుపు వచ్చినప్పుడల్లా రాడ్‌ను రెండు చేతులతోని పట్టుకున్న. గా డ్రైవర్ భార్య గూడ ఎవలకో ఉత్తరం రాసిందేమో, గా ఎవలో గూడ "చెప్పకు, రెండేండ్లే గదా" అని జవాబిచ్చిండ్రేమో అనిపిచ్చింది. సగం దూరంల దిగి నడుచుకుంట పోయిన. మీటింగ్ అయిపోయింది.

ఆ దినమే తమ్మునికి రాసిన. ఏం రాసిన్నో నీకు గూడ చెప్త.

అమ్మకు షుగరుండె. అప్పుడు మాకు దాని పేరు తెల్వదు, తీపి మూత్రమనేటోళ్లు. యాభై మూడేండ్లకు సోయి తప్పుడు మొదలైంది. పొయ్యి ముట్టిచ్చి ఎటో పోయేది. ఒండిన బువ్వ మళ్ల ఒండేది. నన్ను చూసి "ఎవలింటి పిల్లవే?" అనేది. చూసుకోనీకి నేను అత్తగారిల్లు ఇడిసి కట్టంగూర్‌ల ఉన్న. పత్తి ఏరవోతె గని ఎల్లదు. అమ్మను ఇంట్ల పెట్టి తాళం ఏసి పోయేదాన్ని. నేనే ఏసిన, ఈ చేతులతోని. లోపట్నుంచి తలుపు కొట్టుకుంట ఏడ్చేది, వాడంత ఇనేది.

ఒకదినం తమ్ముడు లారీ దిగి ఇంటికొచ్చిండు. అమ్మ ఏడ్సుడు ఇనలేక తాళం తీసిండు. ఆమెకు తినవెట్టి, రెండు దినాల నిద్రలేని మనిషి, పక్కనే ఒరిగిండు. లేసేటాలకు అమ్మ లేదు. హైవే పట్టుకొని నడుచుకుంట ఎటో పోయింది. మూడోనాడు సూర్యాపేట దిక్కు ఒక లారీల హోటల్ కాడ దొరికింది. కాళ్లు పగిలి నెత్తుర్లు. పేరేందని అడిగితె చెప్పలేకపోయిందట. ఆ తరువాత నాలుగు నెలలు బతికింది. మేం ఇద్దరం ఆ ముచ్చట మళ్ల ఎత్తలే, ఇరవై ఆరేండ్లు.

తమ్మునికి ఇదే రాసిన. "తాళం ఏసింది నేను, తీసింది నువ్వు, ఇద్దరిది తప్పు కాదు. కని నిన్ను తాళమేసే గతి గ్రేస్‌కు తేకు. నీకు నీ పేరు యాదున్నప్పుడే నీ అంతట నువ్వే చెప్పు, చెప్పి దిగు." గంతే. సంతకం పెట్టిన.

మేనేజర్‌కు ఎవలు రాసిండ్రో నాకు తెల్వదు. నమ్మితె నమ్ము.

నిన్ను సేవకు బెదిరినవని రాసిన గదా. ఆ మాట రాసిన కాయితం చించెయ్యి. బెదిరింది నేను. ఒకసారి చూసినదాన్ని, నాకెరుక.

బిక్షమ్మ

*

హాలియా
4 మార్చి 2024

వదినెకు, మొఖం చూపియ్యలేక రాస్తున్న.

నీ ఉత్తరం తీస్కొని ఐలేశం ఇంటికి పోయిన. "తమ్మీ, నిజం చెప్పు, డిపోకు ఎవలు రాసిండ్రు?" అన్న. ఆయన భార్య చాయ్ పోస్తున్నది. ఐలేశం గ్లాసు పక్కకు పెట్టి, సెల్లు తీసి ఒక ఫోటో చూపిచ్చిండు. మేనేజర్ ఆయనను పిలిచి సంజాయిషీ అడిగినప్పుడు చూపిచ్చిన కాయితమట. అది నేను చూసి రాసుకున్న, నీకు ఉన్నదున్నట్టు రాస్తున్న.

"డిపో మేనేజర్ గారికి, డ్రైవర్ వీరేశం రాయునది. అయ్యా, 17వ తేదీన బస్సును కాల్వకట్ట మీదికి తీసుకపోయింది రోడ్డు పని వలన కాదు. నేను దారి మరిచినాను. కండక్టర్ ఐలేశం నన్ను కాపాడుటకు అట్లా రాసినాడు, అతనిని ఏమీ అనవద్దు. నా తలకాయ పరీక్షల కాగితాలు దీనికి జతపరిచినాను. పెద్ద డాక్టర్లు చూసే వరకు నాకు బస్సు ఇవ్వవద్దు. రేపు నేనే వచ్చి అడిగినా ఇవ్వవద్దు."

వదినె, ఆయనే రాసుకున్నడు. ఆయన చేతిరాతనే, ఆ కొమ్ములన్ని కుడి దిక్కు వంగి ఉంటయి.

బస్టాండ్లకు పోయి పక్కన కూసున్న. "ఎందుకు చెప్పలే? మీ అక్క చేసిందని నేను అనరాని మాటలు రాసిన" అన్న. "ఎవలో గుంజుకున్నరంటే కోపం చేసుకుంట బతకొచ్చే. నేనే ఇచ్చిన్నంటే ఏడ్వాల్సొస్తది" అన్నడు. అని అక్కడ్నే ఏడ్చిండు, ఖాకీ చొక్కా మీద, అందరు చూస్తుండంగ. నేను కొంగు అడ్డం పెట్టిన. ఇంకేం చేస్త.

నిన్నన్న మాటలకు నన్ను క్షమించు. నీ జవాబు చూడకుండ ఏసు పేరు గూడ ఎత్తబుద్ధి అయితలేదు.

పరీక్షలన్ని అయినయి. డాక్టరమ్మ చెప్పింది రెండు ముచ్చట్లు. ఒకటి, పగలు తినకుండ గోలి ఏసుకునుడుతోని షుగర్ పడిపోతున్నది, అప్పుడు తలకాయ అయోమయమైతది. చౌరస్తల ఆగినప్పుడు బహుశ అదే అన్నది. గోలి మార్చింది. అప్పటి సంది పగటిపూట జర మంచిగున్నడు. రెండోది, మతిమరుపు జబ్బు మొదలైనట్టే ఉన్నదట. మెల్లగ పోవచ్చట, ఎంత మెల్లగనో చెప్పలేమట. "ఇన్నేండ్లు షుగర్ కాబట్టే వచ్చిందా?" అని అడిగిన. "అదే కదమ్మా మేం వెతికేది. కొంత సంబంధం ఉన్నదని తెలుసు. ఎట్లా, ఎంత అన్నది మీలాంటి వాళ్లు వచ్చి పండుకుంటేనే మాకు తెలుస్తుంది" అన్నది. నాకు కోపమొచ్చింది, మళ్ల పోయింది. తెల్వదని చెప్పేటోళ్లను నేను తక్కువ చూసిన.

మీ అమ్మ ముచ్చట ఆమెకు చెప్పిన, నీ ఒప్పుకోలు లేకుండనే. ఆమె నిన్ను గూడ రమ్మంటున్నది. ఒకే తల్లి బిడ్డలు ఇద్దరి ఫోటోలుంటె ఎక్కువ తెలుస్తదట. బలవంతం లేదు. రావాల్నంటే చెప్పు, మేమే తీస్కపోతం.

నీ
గ్రేస్

*

అచ్చంపేట మండలం
29 ఏప్రిల్ 2024

గ్రేస్ పిల్లా,

మీ ఇంటి నుంచి నేను మంచిగ చేరిన. మా ఊరి ఎండకు నీళ్ల బిందెల నీళ్లు గూడ కాగుతున్నయి. నువ్వు కట్టిచ్చిన చింతకాయ తొక్కు పక్కింటోళ్లకు గూడ పెట్టిన, మెచ్చుకున్నరు.

నువ్వు బడి పరీక్షలని రాలేకపోయినవు గద, హైదరాబాద్‌ల ఏమైందో రాస్త. తమ్ముడు, కోమల బయట కూసున్నరు. నన్ను సొరంగంల పెట్టిండ్రు. కదలొద్దన్నరు. నా బతుకుల ఎప్పుడన్న అరగంట కదలకుండ ఉన్ననా? ముక్కు దురద పెట్టింది, గోకిన. బయటికి తీసి, "అమ్మా, మళ్ల ఒకసారి చెయ్యాలె" అన్నరు. ఏందో కనవడ్డదన్నట్టే గదా! తమ్ముని చెయ్యి పట్టుకొని, "నాక్కూడ వచ్చిందిరా" అని ఏడ్చిన. కోమల లోపలికి పోయి అడిగొచ్చి నవ్వుడే నవ్వుడు. "అత్తమ్మా, నువ్వు కదిలినవట, ఫోటో చెదిరిందట. గంతే." రెండోసారి ముక్కు ఎంత గుంజినా గోకలే. ఫలితం ఇయ్యాల రేపట్ల చెప్పరట. చెప్పినా చెప్పకున్నా నేను పొద్దున లేసి పేరు, ఊరు, తమ్ముని పేరు, నీ పేరు, కోమల పేరు అనుకుంటున్న. అన్ని వస్తున్నయి ఇప్పటికైతె.

మీ ఇంటికి వచ్చేటప్పుడు బస్సుల నేను, తమ్ముడు ముందర సీట్ల కూసున్నం. మలుపొచ్చినా, ముందర లారీ ఆగినా, తమ్ముని కుడి కాలు కింద రేకును తొక్కుతనే ఉన్నది. లేని బ్రేకును. నేను చూసి చూడనట్టున్న. జర సేపటికి ఆయనే కాలు చూసుకొని, "ఆగుతలేదే అక్కా" అన్నడు. "ఆగకపోతె ఆగకపాయె, తొక్కు" అన్న.

ఇంకొంత దూరం పోయినంక అడిగిండు. "నేను తాళం తీసినందుకు నన్నెన్నడు తిట్టలేదెందుకు?"

"నేను తాళమేసినందుకు నువ్వు తిట్టినవారా?" అన్న.

"తిట్టలే."

"మరి?"

గంతే మాట్లాడింది. ఇరవై ఆరేండ్లు గీ రెండు మాటలకు ఎందుకు భయపడ్డమో నాకు సమజైతలేదు. ఆ తరువాత మంచిగ నిద్రపోయిండు, నా భుజం మీద. చిన్నప్పుడు గట్లనే పండేటోడు, నోరు తెరిచి.

తమ్ముడు బస్సు నడపొచ్చా లేదా అని డిపోళ్లు చూపిచ్చిన పెద్ద డాక్టర్ల బోర్డు ఏం తేల్చిందో రాయి. నాకు రంది పట్టుకున్నది.

నీ వదినె
బిక్షమ్మ

*

హాలియా
18 జూన్ 2024

వదినెకు గ్రేస్ వందనాలు.

బడి తెరిచిండ్రు. కొత్త పిల్లలు ఏడ్సుకుంట వచ్చి, అన్నం తిని నవ్వుకుంట పోతున్నరు.

బోర్డు స్టీరింగ్ ఒద్దన్నది. ఆయన తానే రాసిచ్చిన కాయితం చూసి, డిపోళ్లు ఇంటికి పంపకుండ బస్టాండ్ల పని ఇచ్చిండ్రు. ఏ బస్సు ఏ జాగల ఆగిందో, ఎటు పోతదో, వచ్చినోళ్లకు చెప్పాలె. ఈ నెల మొదటి సంది పోతున్నడు. బస్సుల టైములన్ని కోమల పెద్దక్షరాలతోని అట్ట మీద రాసిచ్చింది, అది మెడల ఏసుకుంటడు. కొన్ని దినాలు అట్ట చూడకుండనే గడగడ చెప్తడు. కొన్ని దినాలు చూసి గూడ తప్పు చెప్తడు. పక్కన పండ్లమ్మే సావిత్రమ్మ సరిజేస్తది. పగలు పన్నెండున్నరకు ఆమెనే టిఫిన్ డబ్బ ఇప్పి ముందర పెడతది, తినేదాక పండ్లు అమ్మదట. ఎనిమిది నెలలకు ఇంకోసారి తలకాయ ఫోటోకు రమ్మన్నరు. పోతం.

నాకు మనసు నిమ్మలమైందని రాద్దామనుకున్న గని అబద్ధమైతది. బడిల ఉన్నంత సేపు ఒక చెవు బస్టాండ్ దిక్కే ఉంటది. ఫోన్ మోగితె చెయ్యి కడుక్కోకుండనే ఎత్తుత. నీది గూడ గంతే కావచ్చు.

నిన్న బడి అయినంక అటు నుంచే పోయిన. మందిల నిలవడి చూసిన. ఒక ముసలాయనకు దేవరకొండ బస్సు చూపిచ్చి, సంచి మోసి ఎక్కిచ్చిండు. ఒక పిల్లతోని "నల్లగొండ బస్సు ఎల్లిపోయింది, ఇంకోటి అద్దగంటకొస్తది, నీడకు కూసో బిడ్డా" అన్నడు. మంచిగ చేస్తున్నడు. నేను మెల్లగ దగ్గరికి పోయిన. నా దిక్కు తిరిగి, అందరిని అడిగినట్టే,

"ఎటు పోవాలమ్మా?" అన్నడు.

మొఖం చూసిన. కండ్లల్ల నవ్వున్నదో లేదో ఎండకు కనవడలే. ఎగతాళికన్నడో, నిజంగనే గుర్తుపట్టలేదో తెల్వలే.

"ఇంటికి" అన్న.

అట్ట ఎత్తి చూసిండు. పైకెల్లి కిందికి మెల్లగ చూసిండు. ఆ తరువాత గడియారం చూసుకున్నడు.

"గా బస్సుకు ఇంకా టైమున్నది. నాది గూడ అటే, డ్యూటీ అయినంక ఇద్దరం కలిసే పోదాం. జర కూసో" అని తన కుర్చీ నా దిక్కు జరిపిండు.

కూసున్న వదినె. ఆయన డ్యూటీ అయ్యేదాక కూసున్న.

నీ
గ్రేస్